ఒక్క గడి ముందున్న బంటు

పోయిన వారం మనం అద్దాలమ్మను ఆఖరి రౌండు జరుగుతున్న హాల్లో, నల్లపావుల వెనక కూర్చోబెట్టి, పత్రిక మడిచేసి ఎవరి పనుల్లో వాళ్ళం పడ్డాం. పాపం, ఆమెకు ఆ సౌకర్యం లేదు. వారమంతా అదే కుర్చీలో అలాగే కూర్చుని ఉంది.

కొత్తగా వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అద్దాలమ్మ అసలు పని కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీయడం. చదరంగం క్లబ్బులో ఆ పేరు అందుకే వచ్చింది. జాతీయ జట్టులో ఆడవాళ్ళకు ఒకే ఒక్క చోటు ఖాళీగా ఉంది. ఈ ఆట గెలిస్తే ఆ చోటు ఆమెది. ఓడినా, డ్రా చేసుకున్నా, ఎదురుగా కూర్చున్న టీచరమ్మది. టోర్నమెంటుకు సెలవివ్వనన్న షాపు యజమాని ముఖాన రాజీనామా కొట్టి వచ్చింది కాబట్టి, ఓడిపోతే తిరిగి వెళ్ళి కూర్చోవడానికి అరగదీసే మిషను కూడా లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇక ఆమె చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, ఇంట్లోవాళ్ళు ‘మనింటి ఎత్తు’ అని పిలుచుకునే ఓపెనింగు. ఆట మొదట్లోనే ఒక బంటును పోతే పోనీ అని వదిలేసి, అది పోయిన దారిలోనే ఎదుటివాళ్ళ రాజు మీదికి పావులను తోలడం అందులో కిటుకు. కనిపెట్టింది ఆమె అక్క, తను ఆడే రోజుల్లో. ఆ ఓపెనింగుకి ఒక చిల్లు ఉందని నిన్న మధ్యాహ్నమే తెలిసింది. వంటింటి బల్ల మీద అక్క పావులు పేర్చింది, అద్దాలమ్మా ఆమె భర్తా చెరోవైపు కూర్చుని ఎత్తులు వేశారు. తెల్లవాళ్ళు మధ్య బంటు మీదికి గుర్రాన్ని దూకించి బలి ఇస్తారు. మధ్య వీధి తెరుచుకుంటుంది. ఇంకో మూడు నాలుగు ఎత్తుల తర్వాత మంత్రిని కూడా ఇచ్చేసి, వెనక వరసకు కాపలా ఉన్న నల్ల ఏనుగును పక్కకు లాగి, తమ ఏనుగును ఆ వరసలోకి దింపుతారు. నల్లరాజు తన ముందు గోడలా నిలబడ్డ సొంత బంట్ల వెనకే ఊపిరాడక చస్తాడు. ఆటకట్టు.

“ఫ్యూజు ఎగిరిపోయింది” అన్నాడు భర్త. ఆయన ఎలక్ట్రీషియన్, చావుకబురైనా ఆ భాషలోనే చెబుతాడు. అక్క లేచి వెళ్ళి టీ పెట్టింది.

అయినా ఇవాళ అద్దాలమ్మ ఆ ఓపెనింగే ఆడింది. నల్లపావులతో గెలవాలంటే ఆమెకు మరో దారి లేదు. ఆ చిల్లు సంగతి లోకంలో తెలిసింది ముగ్గురికే, ఆ ముగ్గురూ ఒక వంటింటివాళ్ళే. చిల్లున్న పడవ అని తెలిసే ఎక్కి కూర్చుంది. పోయిన వారం టీచరమ్మ చెయ్యి బల్ల మీదికి వచ్చి ఆగిందే, మనం పత్రిక మూసింది అక్కడే.

ఆ చెయ్యి ఇప్పుడు గుర్రాన్ని ఎత్తింది.

టీచరమ్మ కాలేజీలో లెక్కలు చెబుతుంది. బోర్డు మీద లెక్క ఎంత నెమ్మదిగా చేస్తుందో చదరంగమూ అంత నెమ్మదిగా ఆడుతుంది. ఒక్క బంటును జరపడానికి కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీసే మనిషి. అలాంటిది, ఆటలో ఇంతవరకూ ఎవరూ వెయ్యని చోట, ఒక గుర్రాన్ని ఊరికే పారేసే ఎత్తు వేస్తూ కళ్ళజోడు ముట్టుకోలేదు. మధ్య బంటును తీసి పక్కన పెట్టింది, గుర్రాన్ని దాని గడిలో నిలబెట్టింది, గడియారం నొక్కింది. రాసుకోవడానికి కలం అందుకుంటూ తలవంచుకుంది.

అద్దాలమ్మ గుర్తుపట్టింది. ఇదే ఎత్తు. నిన్న వంటింట్లో ఫ్యూజు ఎగరగొట్టిన ఎత్తు ఇదే. ఇది ఆలోచించి వేసింది కాదు, పాఠంలా అప్పజెప్పింది.

ఆట పోయిందన్న బాధ ముందు రాలేదు. ఎవరు చెప్పారు అన్న ప్రశ్న ముందు వచ్చింది. ఆ ప్రశ్నకు జవాబులు రెండే ఉన్నాయి, రెండూ ఆమె గుండెకాయలే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కానీ, ఇంట్లో ఉన్నది ఇద్దరే అయినప్పుడు పట్టకుండా ఉండడం కష్టం.

ప్రేక్షకుల కుర్చీల వైపు చూసింది. భర్త మొదటి వరసలో ఉన్నాడు. గోడకు వేలాడదీసిన పెద్ద బోర్డు మీద ఇప్పుడే గుర్రం కదిలింది. ఆయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నటిస్తున్నాడా? మొన్న అన్నం తింటూ, “నువ్వు జట్టుతో నెలల తరబడి పోతే ఈ కొంపలో లైటు వేసేవాళ్ళు కూడా ఉండరోయ్” అన్నాడు. అప్పుడు నవ్వింది. ఇప్పుడు ఆ మాటను పట్టుకుని తిరగేసి బోర్లేసి చూసింది. కట్టుకున్నవాడిని అలా చూస్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా చూడడం మానలేకపోయింది. అనుమానం అంత చెడ్డది, ఒకసారి లోపలికొస్తే ఇల్లంతా తనదే అంటుంది.

గడియారం తన పని తాను చేసుకుపోతోంది. ఏదో ఒకటి ఆడాలి. గుర్రాన్ని చంపాలి, చంపక తప్పదు, చంపితే నాలుగెత్తుల్లో చావాలి. చచ్చే తోవ ఒకసారి మళ్ళీ నడిచి చూద్దామని, బల్ల మీదికి వంగింది. గుర్రం పోతుంది. వీధి తెరుచుకుంటుంది. మంత్రి వస్తుంది, ఇక్కడ కొడుతుంది, నా ఏనుగు పక్కకు పోతుంది, తెల్ల ఏనుగు వెనక వరసలో దిగుతుంది, రాజుకు చెక్. రాజు ఎటూ కదలలేడు.

ఎందుకు కదలలేడు?

ఆమె చూపు రాజు పక్కన అంచు బంటు మీద ఆగిపోయింది. ఆ బంటు ఇంటి దగ్గర లేదు. ఒక గడి ముందుంది. తనే జరిపింది, ఆట మొదట్లోనే, అలవాటుగా. ఆమె ఎప్పుడూ అలాగే జరుపుతుంది, రాజుకు ఊపిరాడడానికి ఒక కిటికీ అని. అక్కకు ఆ అలవాటు లేదు. “ఆ కిటికీ ఎందుకే, జలుబు చెయ్యడానికా?” అని ఎన్నోసార్లు ఎగతాళి చేసింది. నిన్న వంటింట్లో పావులు పేర్చింది అక్క. చేతికి అలవాటైనట్టు, తను ఆడే రోజుల్లో ఎలా ఉండేదో అలా పేర్చింది. అంచు బంటును ఇంటి గడిలోనే పెట్టింది. ముగ్గురూ ఆ బల్లనే చూశారు, ముగ్గురూ ఆ తప్పునే నమ్మారు. గెలుపు కోసం కళ్ళు కాయలు కాసేలా చూసేవాళ్ళకు ఎదురుగా ఉన్న బంటు కనబడదు.

ఇక్కడ, ఈ బల్ల మీద, రాజు ఆ కిటికీలోంచి బయటికి దూకేస్తాడు. టీచరమ్మ గుర్రం పోయినట్టే. మంత్రిని ఇస్తే మంత్రీ పోయినట్టే. చిల్లు ఇక్కడ లేనే లేదు!

ఒక్క క్షణం ఆమె కాళ్ళు నేలమీద నిలవలేదు. గెలుస్తున్నాను అనుకుంది. ఆ వెంటనే రెండో మాట వచ్చి నెత్తిన పడింది. ఈ బల్లను చూసి ఆలోచించిన ఏ మనిషీ ఆ గుర్రాన్ని బలి ఇవ్వడు, టీచరమ్మ అసలే ఇవ్వదు. వంటింటి బల్లను చూసినవాళ్ళు చెబితే విని, చెప్పినవాళ్ళను నమ్మి, పరీక్షకు బట్టీపట్టినట్టు వచ్చి అప్పజెప్పింది. ఇంతవరకూ అనుమానం, ఇప్పుడు రుజువు. తనను గెలిపించే ఎత్తే తనింట్లో ద్రోహం జరిగిందని సాక్ష్యం చెబుతోంది. ఇలాంటి గెలుపును ఏ మొహంతో ఇంటికి తీసుకెళ్తారు?

గుర్రాన్ని తీసేసి, గడియారం నొక్కి, లేచి బయటికి నడిచింది.

ఆటగాళ్ళు మంచినీళ్ళకు కారిడార్లోకి రావచ్చు, బయటివాళ్ళతో మాట్లాడకూడదు. ఆ నియమం ఆమెకు కంఠతా తెలుసు. తెలిసి కూడా నీళ్ళ బల్ల దాటి, మెట్ల కింద బెంచీ దాకా వెళ్ళింది. అక్క అక్కడ కూర్చుని ఊలు అల్లుతోంది. చెల్లెలు ఆడుతుంటే అక్క ఏనాడూ లోపలికి వచ్చి చూడదు. చూస్తే తట్టుకోలేనంటుంది. ఆట మొదలైనప్పటి నుంచీ అక్కడే ఉంది. అక్కణ్ణించి గోడబోర్డు కనబడదు, హాల్లోంచి ఇంతవరకూ ఎవరూ బయటికి రాలేదు.

నిజానికి అద్దాలమ్మ వచ్చింది ఏడవడానికి. మొగుడే ఈ పని చేశాడని అక్క ఒళ్ళో తల పెట్టుకుని ఏడవడానికి. చిన్నప్పుడు అమ్మ పోయిన దగ్గర్నించి ఏడవాలంటే ఆమెకు తెలిసిన చోటు అదొక్కటే.

అక్క తలెత్తి చూసింది. సూదులు ఆగిపోయాయి.

“పోనీలేవే చిన్నీ” అంది. “ఓడితే ఓడావు. ఇంటికెళ్దాం పద.”

అద్దాలమ్మ నిలబడ్డచోటే నిలబడిపోయింది.

“ఓడానని నీకెవరు చెప్పారక్కా?”

“నీ మొహం చూస్తే తెలీట్లేదూ?”

“ఆట మొదలై ఎంతసేపైందని? ఇంకా ఓపెనింగే అవలేదు. నేను నీళ్ళు తాగడానికి వచ్చాననుకోవచ్చుగా?”

అక్క ఊలు ఉండను ఒళ్ళోకి లాక్కుంది.   తేలు కుట్టిన దొంగ ఎంతసేపని ఓర్చుకుంటుంది, సూదులు తీసి సంచీలో కుక్కింది.

“టీచరమ్మ అడిగిందా?” అంది అద్దాలమ్మ. 

“లేదు. నేనే వెళ్ళాను. నిన్న సాయంత్రం, కూరగాయలకని.”

“ఎందుకక్కా?”

“తెలీదే.”

“తెలీకుండా వెళ్ళి తలుపు కొట్టావా?”

“అరవకు. లోపలికి వినబడుతుంది.” అక్క అటూ ఇటూ చూసింది. తర్వాత, ఎన్నేళ్ళుగానో నోట్లో పెట్టుకు తిరుగుతున్నదాన్ని ఉమ్మేసినట్టు అనేసింది. “అది నా ఎత్తే! నేను కనిపెట్టింది. మొన్న పేపర్లో ఏం రాశారు? అద్దాలమ్మ ఓపెనింగట. నువ్వు చదివి వినిపించావు, నవ్వుతూ. నా పేరు లేదేమిటని ఒక్కమాట అన్నావా? నాకూ ఆటలో పిలుపులొచ్చాయి ఒకప్పుడు. నీకు జడ వెయ్యాలని, నీకు జ్వరమని, నీకు పరీక్షలని మానేశాను. మానెయ్యమని ఎవరూ అనలేదులే, నేనే మానేశాను. నువ్వు గెలిస్తే సంతోషించాలని చూశానే. ఎంత ప్రయత్నించినా సంతోషం రాలేదు. నేనేం చెయ్యను?”

అద్దాలమ్మకు ఆ మాటల్లో అన్యాయం కనబడింది, న్యాయమూ కనబడింది. రెండూ ఒకేసారి కనబడితే మనిషికి కోపమే దారి.

“నీ ఎత్తే. తీసుకో” అంది. “నువ్వు చెప్పిన గుట్టు మాత్రం మట్టికొట్టుకుపోయింది. నిన్న నువ్వు బల్ల తప్పు పేర్చావు, తెలుసా? నా అంచు బంటు ఒక గడి ముందుంటుంది. ఎప్పుడూ ఉంటుంది. నువ్వెప్పుడైనా నా ఆట సరిగా చూస్తే గుర్తుండేది. మీ టీచరమ్మ గుర్రం పోయింది, వెళ్ళి చెప్పుకో.”

అక్క మొహంలో రంగు మారింది. ఆ మాట అనకుండా ఉండాల్సిందని అద్దాలమ్మకు అప్పుడు తోచలేదు. కోపంలో ఉన్నవాళ్ళు తమ ఆయుధాన్ని పిడివైపు నుంచే ఎదుటివాళ్ళకు అందిస్తారు. ఇద్దరి మధ్యా ఆట గురించి ఒక్క మాట దొర్లకూడదు, దొర్లింది. వెనక్కి తిరిగేసరికి హాలు అద్దాల తలుపు వెనక టీచరమ్మ నిలబడి ఉంది, మంచినీళ్ళ గ్లాసు చేత్తో పట్టుకుని. మాటలు వినబడేంత దగ్గర కాదు, మనుషులు కనబడేంత దగ్గరే.

లోపలికొచ్చి కూర్చున్నాక అద్దాలమ్మ మామూలుగా ఆడింది. ఎలా ఆడిందో నన్నడగకండి, లోపల ఇల్లు కూలుతుంటే బయట తోరణం కట్టగలిగేవాళ్ళు కొందరుంటారు. టీచరమ్మ ఇంకా అప్పజెబుతూనే ఉంది. ఏనుగును మధ్య వీధిలోకి తెచ్చింది. శకటును వెనక్కి లాగింది. మంత్రిని వీధి మొదట్లో నిలబెట్టింది. అద్దాలమ్మ ఒక్కోదానికీ వెయ్యాల్సిన జవాబే వేసింది. భర్త నెత్తిమీంచి చేతులు దించి, గోడబోర్డును వేలితో గడి గడీ లెక్కపెట్టుకుంటూ చూస్తున్నాడు. ఆయనకూ ఇప్పుడే ఆ బంటు కనబడినట్టుంది. లేచి నిలబడబోయి, పక్కాయన చొక్కా పట్టుకుని లాగితే కూర్చున్నాడు. ఆ మొహం చూసి అద్దాలమ్మ మనసులోనే దణ్ణం పెట్టి క్షమించమంది.

టీచరమ్మ మంత్రిని బలి ఇవ్వడానికి చెయ్యి చాచింది. ఆ చెయ్యి మంత్రి మీద వాలకుండా గాలిలో ఆగింది. కళ్ళు రాజు పక్కకు వెళ్ళాయి, అంచు బంటు దగ్గర నిలిచాయి. చెయ్యి నెమ్మదిగా వెనక్కి వెళ్ళి ఒళ్ళో పడింది. కళ్ళజోడు తీసింది. తుడిచింది. పెట్టుకుంది. మళ్ళీ తీసింది. ఇచ్చిన గుర్రం ఇక రాదు. ముందుకు పోతే మంత్రి పోతుంది, వెనక్కి పోతే ఆట పోతుంది. పరాయివాళ్ళ పాఠం బట్టీపట్టి వచ్చిన మనిషికి లెక్క మధ్యలో తప్పిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది ఆమె.

అద్దాలమ్మ ఎదురుచూసింది.  టీచరమ్మ ఒక చెయ్యి పైకెత్తి, రెండో చేత్తో గడియారం ఆపేసింది.

ఆటకు తీర్పరి అయిన ఆర్బిటర్ బల్లల మధ్య నుంచి వచ్చారు. ఉద్యోగం మానేసి ఎంతకాలమైనా అందరూ ఇంకా పోస్టుమాస్టారనే పిలుస్తారు. నియమాల దగ్గర తన పర లేని మనిషి.

“ఫిర్యాదు ఉంది సార్” అంది టీచరమ్మ. “ఈవిడ ఆట మధ్యలో బయటికెళ్ళి వాళ్ళక్కతో మాట్లాడింది. నేను చూశాను. అప్పటిదాకా తల పట్టుకు కూర్చున్న మనిషి, తిరిగొచ్చాక తడుముకోకుండా ఆడింది.”

“మాట్లాడావామ్మా?” అన్నారు పోస్టుమాస్టారు.

“మాట్లాడాను” అంది అద్దాలమ్మ. అబద్ధం ఆడడం ఆమెకు చేతకాదు.

“ఆట గురించా?”

ఆమె బల్ల మీది అంచు బంటు వైపు చూసింది. అవునంటే ఆట పోతుంది. కాదంటే, మరి దేని గురించి? పోస్టుమాస్టారు అక్కను పిలవమన్నారు. అక్క ఊలు సంచీ గుండెలకు హత్తుకుని లోపలికొచ్చింది. ఏనాడూ గడప దాటి చూడని హాల్లోకి మొదటిసారి అడుగుపెట్టింది. వెనక వరసలో క్లబ్బు ఆడపిల్లలు గుసగుసలాడుకున్నారు, మేడమ్ వచ్చిందని. అందరూ అక్క దగ్గర చదరంగం నేర్చుకుంటున్నవాళ్ళే.

“మీ చెల్లెలికి ఏమైనా ఎత్తు చెప్పారా?”

అక్క చెల్లెలి వైపు చూడలేదు. పోస్టుమాస్టారి చొక్కా గుండీ వైపు చూస్తూ అంది.

“చెప్పాను సార్. అంచు బంటు ముందుందని దానికి గుర్తులేదు. నేనే గుర్తుచేశాను.”

హాలంతా కలకలం రేగింది. భర్త లేచి, “అబద్ధం!” అని అరిచాడు. పోస్టుమాస్టారు ఆయన వైపు వేలు చూపించారు, ఆయన కూర్చోక తప్పలేదు. టీచరమ్మ తలవంచుకుంది. నిన్న అక్క తనకు చెప్పిన బల్లలో ఆ బంటు ఇంటి గడిలోనే ఉంది కాబట్టి, అక్క చెబుతున్నది అబద్ధమని ఆ హాల్లో తెలిసిన మరో మనిషి ఆవిడే. ఆవిడ నోరు విప్పదు.

“నిజం కాదు సార్” అంది అద్దాలమ్మ. కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. “అక్క నాకేం చెప్పలేదు.”

“మరి ఆ బంటు సంగతి ఆవిడకెలా తెలుసు? బయట బెంచీ మీద కూర్చున్న మనిషికి?”

“నేనే చెప్పాను.”

“నువ్వు చెప్పావా? ఆట మధ్యలో లేచివెళ్ళి, ఆవిడకు నీ బంటు గురించి ఎందుకు చెబుతావమ్మా?” పోస్టుమాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. గొంతులో కోపం లేదు, తొందరా లేదు. “మొదటి మాట నుంచి చెప్పు. బయట మీ అక్కను ఏమడిగావు, ఆవిడ ఏమంది? ఒక్కటి దాచినా ఆట టీచరమ్మకు రాసేస్తాను.”

అక్క అప్పుడు తలెత్తింది. ఇప్పటిదాకా చూడని చెల్లెలి కళ్ళలోకి సూటిగా చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

వెనక వరసలో ఆడపిల్లలు, తమ మేడమ్ గురించి అద్దాలమ్మ ఏం చెబుతుందో వినడానికి లేచి నిలబడ్డారు.